పిప్పి పంటిలో పురుగు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ వారం నేను మాట్లాడబోయేది పంటి నొప్పి గురించి. ఇదీ ఒక విషయమేనా అనుకోకండి. పరాయి దేశంలో, పదిమంది కలిసి పడుకునే గదిలో, రాత్రి రెండు గంటలకి పన్ను పోటెత్తితే మనిషి అవస్థ ఎలా ఉంటుందో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళని అడిగితే చెబుతారు. అమెరికాలో ఉన్నవాళ్ళకీ ఇది కొత్త కాదు. రూట్ కెనాల్ బిల్లు చూశాక అసలు నొప్పి మరిచిపోయామనేవాళ్ళు నాకు తెలుసు.

నేను సౌదీ అరేబియాలో తాయిఫ్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి లాబరేటరీలో చాలా ఏళ్ళు పని చేశాను. రోగి ఒంట్లోంచి తీసిన చీములో, రక్తంలో ఉన్న సూక్ష్మజీవుల్ని పెంచి, వాటి పేరేమిటో, ఏ మందుకి చస్తాయో రాసి పంపడం నా ఉద్యోగం. పళ్ళ డాక్టర్ని కాను. మీ పంటికి ఏం చెయ్యాలో నన్ను అడగద్దు. ఆ పంటి వేరులో ఎవరు కాపురం ఉంటున్నారో, వాళ్ళు అక్కడ ఉన్నారని మనిషికి ఎప్పుడు, ఎలా తెలిసిందో మాత్రం చెప్పగలను. ఆ కథ అనుకున్నంత చిన్నది కాదు.

తాయిఫ్ గురించి రెండు మాటలు. మక్కాకి తూర్పున కొండల మీద, సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. గులాబీలకి, గులాబీ అత్తరుకి పేరు. ఎండాకాలంలో సౌదీ ప్రభుత్వమే ఇక్కడికి తరలివచ్చేది. మక్కా నుంచి వెళ్ళాలంటే 1965లో తెరిచిన హదా ఘాట్ రోడ్డు ఎక్కాలి. మలుపు మీద మలుపు, మలుపుల్లో కోతులు. తిరుమల కొండ గుర్తొస్తుంది, కాకపోతే ఆ పచ్చదనం ఉండదు. ఇళ్ళల్లో కారు డ్రైవర్లుగా పనిచేసే మనవాళ్ళు కొందరు, పిప్పి పన్ను ఉంటే ఈ ఘాట్ ఎక్కేటప్పుడు పోటు ఎక్కువవుతుందనేవాళ్ళు. వినడానికి వింతగా ఉన్నా, రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపినవాళ్ళకి ఇదే బాధ పట్టుకుంటే డాక్టర్లు దానికి ఏరోడాంటాల్జియా అని పేరే పెట్టారు. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, మూసుకుపోయిన చోట చిక్కుకున్న వాయువు ఉబ్బుతుంది.

వైద్యంలో కూడా ఈ ఊరికి పాత పేరుంది. ఏడో శతాబ్దంలో అరబ్బుల వైద్యుడిగా పేరుపొందిన అల్ హారిస్ ఇబ్న్ కలదా తాయిఫ్ సకీఫ్ తెగవాడు. పర్షియాలోని గుండేషాపూర్‌లో వైద్యం నేర్చుకున్నాడని పాత చరిత్రకారులు రాశారు. ఆయన నాటికే పంటి నొప్పి పురుగు వల్ల వస్తుందన్న నమ్మకం వేల ఏళ్ళ పాతది. మెసపొటేమియా మట్టి పలకల మీద పంటి పురుగుని పారదోలే మంత్రం ఉంది. చైనాలోనూ, యూరప్‌లోనూ ఇదే నమ్మకం. మన ఊళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. పిప్పి పళ్ళలో పురుగులు తీస్తామంటూ వీధుల్లోకి వచ్చేవాళ్ళని మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. కాలిన ఇనప గరిటె మీద నూనె చుక్క, నేలములక గింజలు వేసి, ఆ పొగని గొట్టంతో పంటికి పట్టించి, ఆఖర్న నీళ్ళ గిన్నెలో తెల్లటి పురుగులు తేలుతుంటే చూపించి డబ్బులు పట్టుకెళ్ళేవాళ్ళు. అరబ్బు దేశాల్లో, యూరప్‌లో ఇదే పనికి మన మూలికల కొట్లలో దొరికే కురసాని వాముని వాడేవారు. రెండూ వంకాయ కుటుంబానికి చెందిన మొక్కలే. వేడికి గింజ పగిలి, లోపల చుట్టుకుని ఉన్న తెల్లటి మొలక బయటికి వస్తుంది. అచ్చం పురుగులాగే ఉంటుంది. పొగలోని మందుగుణం వల్ల కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తగ్గేది కూడా. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

ఇది మోసమని చెప్పినవాళ్ళు లేకపోలేదు. 13వ శతాబ్దంలో అల్ జవ్బరీ అనే సిరియా దేశస్థుడు మోసగాళ్ళ గుట్టు విప్పుతూ ఒక పుస్తకమే రాశాడు. పంటి పురుగులు తీసేవాళ్ళు కూడా ఆయనకి దొరికిపోయారు. 1728లో ఫ్రాన్సులో దంతవైద్యం మీద పెద్ద గ్రంథం రాసిన పియర్ ఫోషార్, సూక్ష్మదర్శినితో ఎంత వెతికినా తనకి పురుగు కనబడలేదన్నాడు. అయినా నమ్మకం పోలేదు. నొప్పి కళ్ళముందే ఉంది, దానికి కారణం ఒకటి ఉండాలిగా!

నిజానికి అప్పటికే ఒకాయన కారణాన్ని కళ్ళారా చూశాడు. హాలెండులో డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి లేవెన్‌హుక్. తన పళ్ళ మీది పాచిలో కదిలే ప్రాణులున్నాయని 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాసినవాడు ఈయనే. అది చాలామందికి తెలుసు. దాని తరవాత 1697లో ఆయన పైభాగమంతా పుచ్చిపోయిన ఒక పన్ను తీసుకుని, దాని వేళ్ళ లోపలి బోలులో ఉన్న మెత్తటి పదార్థాన్ని వాననీళ్ళలో కలిపి చూశాడు. ఆ పదార్థమంతా ప్రాణంతో కదులుతున్నట్టే కనిపించిందట. రూట్ కెనాల్‌లో బేక్టీరియాని చూసిన మొట్టమొదటి మనిషి అన్నమాట. కాని ఆ ప్రాణులకీ పన్ను పాడవడానికీ సంబంధం ఉండి ఉంటుందని అప్పుడు ఎవరికీ తోచలేదు. దాదాపు రెండువందల ఏళ్ళు ఆ ఉత్తరం అలాగే ఉండిపోయింది.

ఆ సంబంధాన్ని పట్టుకున్నవాడు విలోబీ మిల్లర్. అమెరికాలో ఒహాయోలో పుట్టి, బెర్లిన్‌లో స్థిరపడిన పళ్ళ డాక్టరు. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోఖ్ ఉన్నది ఆ ఊరే. కోఖ్ పద్ధతుల్ని మిల్లర్ నోటికి పట్టించాడు. 1890లో నోటి సూక్ష్మజీవుల మీద పుస్తకం రాశాడు. 1894లో రాసిన వ్యాసంలో, చచ్చిపోయిన పంటి గుజ్జులో, అంటే పల్ప్‌లో, గోళాలు, కడ్డీలు, మెలికలు తిరిగినవి, ఇలా రకరకాల బేక్టీరియా ఉన్నాయనీ, నాళం పైభాగంలో ఉన్నవి వేరు, అడుగున ఉన్నవి వేరనీ చూపించాడు. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనబడుతున్నవాటిలో చాలావాటిని ఎంత ప్రయత్నించినా పెంచలేకపోయాడు.

ఈ మాట చదివినప్పుడు నాకు మా లాబ్ కళ్ళకి కట్టింది. పళ్ళ విభాగం నుంచి దూది పుల్ల మీద చీము వచ్చేది. గాజు పలక మీద పూసి, గ్రామ్ రంగు వేసి చూస్తే లోపల తీర్థం జరుగుతున్నట్టుండేది. గుండ్రటివి గొలుసులుగా, పొట్టి కడ్డీలు గుంపులుగా, మధ్యలో రెండు కొసలా మొనదేలిన కదురుల్లాంటివి. ఆ కదుళ్ళ పేరే ఫ్యూసోబేక్టీరియమ్. లాటిన్‌లో ఫ్యూసస్ అంటే కదురే. మరి అదే చీముని పెట్రీ పళ్ళెంలో రాసి ఇంక్యుబేటర్‌లో పెట్టి రెండు రోజులాగితే? చాలాసార్లు పళ్ళెం ఖాళీ. ఏమీ పెరగలేదని రిపోర్టు వెళ్ళాలి. అది చూసి ఇన్‌ఫెక్షన్ లేదనుకునే డాక్టర్లు కూడా ఉంటారు.

కారణం ఇప్పుడు ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు. ఇవి గాలి సోకితే చచ్చే జాతులు. మనకి ప్రాణవాయువైన ఆక్సిజన్ వాటికి విషం. దూది పుల్ల మీద గాలిలో ప్రయాణం చేసి లాబ్‌కి వచ్చేలోపే సగం చచ్చిపోతాయి, మిగిలినవి మామూలు ఇంక్యుబేటర్‌లో పోతాయి. చీముని సిరంజితో లాగి, గాలి తగలకుండా వెంటనే పంపించి, ఆక్సిజన్ తీసేసిన జాడీలో పెంచితే అప్పుడు మెల్లిగా, ఐదారు రోజులకి, పళ్ళెం నిండుతుంది. మిల్లర్ కాలంలో ఆ సరంజామా లేదు. పంటి వేరుకి పనికొచ్చే స్థాయిలో అది 1960ల తరవాతే అందుబాటులోకి వచ్చింది.

కనబడుతున్నాయి గాని పట్టుబడవు. ఈ స్థితి డెబ్భై ఎనభై ఏళ్ళు నడిచింది. ఆ సందులో జరిగిన ఘోరం చెప్పుకోవాలి.

1900లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు, కారణం తెలియని జబ్బులెన్నింటికో మూలం నోట్లో దాగిన కుళ్ళే అని రాశాడు. 1910లో కెనడాలో మాంట్రియల్‌కి వెళ్ళి, కుళ్ళిన పళ్ళ మీద బంగారు తొడుగులు వెయ్యడమంటే సమాధులు కట్టడమేనని పళ్ళ డాక్టర్లని ఎండగట్టాడు. చెడ్డ పని చేసే డాక్టర్ల గురించి ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. కాని ఆ మాట దావానలమైంది. కీళ్ళ నొప్పా, పన్ను పీకు. రక్తహీనతా, పన్ను పీకు. న్యూజెర్సీ రాష్ట్రంలో ట్రెంటన్ మానసిక వైద్యశాలకి అధిపతి అయిన హెన్రీ కాటన్ పిచ్చికి కూడా ఇదే కారణమని వందలాది రోగుల పళ్ళు పీకించాడు. పళ్ళతో ఆగలేదు, లోపలి అవయవాలదాకా వెళ్ళాడు. ప్రాణాలు పోయాయి. నొప్పి లేని పన్ను కూడా, గుజ్జు చచ్చిందని తెలిస్తే చాలు, పీకెయ్యడమే ముప్ఫై ఏళ్ళపాటు శాస్త్రీయమనిపించుకుంది.

దీనికి లాబ్‌లు కూడా వంతపాడాయి. పీకిన పంటి వేరు కొస నుంచి నమూనా తీస్తే బేక్టీరియా పెరిగేది. ఇదిగో సాక్ష్యం అనేవారు. 1936లో లండన్‌లో ఫిష్, మక్లీన్ అనే ఇద్దరు ఒక తేలిక పని చేశారు. పన్ను పీకే ముందు చిగురు అంచుని కాల్చి శుద్ధి చేశారు. అప్పుడు ఆరోగ్యమైన పళ్ళ లోపల బేక్టీరియా దొరకలేదు. పట్టుకారుతో పన్నుని అటూ ఇటూ ఊపుతుంటే చిగురు దగ్గరున్న క్రిములే లోపలికి పంపు కొట్టినట్టు వెళుతున్నాయన్నమాట. లాబ్‌లో పనిచేసినవాడిగా ఈ ప్రయోగం నాకు భలే ఇష్టం. కొత్త యంత్రం లేదు, ఖర్చు లేదు. రెండేళ్ళ తరవాత, 1938లో, అంతకుముందు ఈ సిద్ధాంతాన్ని గట్టిగా సమర్థించిన రసెల్ సెసిల్ అనే కీళ్ళ వైద్యుడే 200 మంది రోగుల్ని పరిశీలించి, పళ్ళు పీకినందువల్ల కీళ్ళవాతం తగ్గడం లేదని ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకున్నందుకు ఆయనకి దండం పెట్టాలి.

మన వైపు పళ్ళు పీకించుకోవడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ హైదరాబాదులో వచ్చింది 1959లో. అంతకు ముందు పల్లెల్లో పన్ను నొప్పికి లవంగం, లేదా పట్టుకారు.

సరే, అసలు మలుపు 1965లో వచ్చింది. హదా ఘాట్ రోడ్డు తెరిచిన ఏడాదే. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ దంత పరిశోధన సంస్థలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అని ముగ్గురు రెండు రకాల ఎలకల్ని తీసుకున్నారు. ఒక రకం మామూలువి. రెండో రకం పుట్టుక నుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచినవి. రెండింటి పళ్ళకీ గుజ్జుదాకా రంధ్రం చేసి, పూడ్చకుండా వదిలేశారు. తిండి మెతుకులు లోపల ఇరుక్కుంటూనే ఉన్నాయి. మామూలు ఎలకల్లో ఎనిమిది రోజులకే గుజ్జు చాలామటుకు చచ్చిపోయింది, తరవాత వేరు కొసల చీముగడ్డలు. సూక్ష్మజీవులు లేని ఎలకల్లో రెండు వారాలకి రంధ్రం కింద కొత్త పంటిపదార్థం వంతెనలా కట్టుకోవడం మొదలయింది. గుజ్జు బతికింది. దెబ్బ ఒకటే, మెతుకులు ఒకటే, తేడా బేక్టీరియా ఒక్కటే.

ఎలకల్లో సరే, మనుషుల్లోనో? 1976లో స్వీడన్‌లో ఊమెయో విశ్వవిద్యాలయం నుంచి గోరన్ సుండ్‌క్విస్ట్ రాసిన సిద్ధాంతవ్యాసం దానికి జవాబు. ఆయన ఎంచుకున్నవి దెబ్బ తగిలి లోపల చచ్చిపోయినా పైకి పుచ్చు లేని పళ్ళు, 32. చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలి ముందు పన్ను నల్లబడినవాళ్ళు మనలో ఎంతమంది లేరు? అలాంటివి. వీటిలో 19 పళ్ళకి వేరు కొస దగ్గర దవడ ఎముక కరిగిపోయి ఉంది. ఆ 19లో 18 పళ్ళలో బేక్టీరియా దొరికాయి. ఎముక బాగున్న పళ్ళలో దొరకలేదు. గుజ్జు చచ్చినంత మాత్రాన జబ్బు రాదు, బేక్టీరియా చేరితేనే వస్తుంది. దొరికినవాటిలో 90 శాతం పైగా గాలి పడని జాతులే. ఆక్సిజన్ లేకుండా పెంచే పద్ధతి చేతికొచ్చింది గనక అవి బయటపడ్డాయి. మిల్లర్ చూసి పెంచలేకపోయిన గుంపు ఇన్నాళ్ళకి పట్టుబడింది.

పైన పగులే కనబడని పంటిలోకి ఎలా వెళ్ళాయంటే, పింగాణీ మీద కంటికి కనబడని సన్న బీటలుంటాయి. బేక్టీరియాకి అవి రాజమార్గాలు. ముందు వచ్చినవి లోపలున్న కాస్త ఆక్సిజన్ వాడేసుకుంటాయి. ఆ తరవాత గాలి పడనివాళ్ళదే రాజ్యం. ఒక్కో నాళంలో పది నుంచి ముప్ఫై జాతుల దాకా, లెక్కకి వెయ్యి నుంచి పదికోట్ల దాకా ఉంటాయి. గోడకి జిగురు పొరలా అంటుకుని ఉంటాయి. చెరువు మెట్లకి పట్టిన పాచి ఎలా ఉంటుందో అలాగ.

ఇప్పుడు గోలీల సంగతికి వస్తాను. ఈ చరిత్రంతా చెప్పింది అందుకే.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక హౌస్ డ్రైవరు నాకు తాయిఫ్‌లో పరిచయం. కింది దవడ పన్ను. ఊరి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న అమాక్సిసిలిన్ గోలీలు వేసుకున్నాడు, వాపు దిగింది. మూడు నెలలకి మళ్ళీ. మళ్ళీ గోలీలు. అయిపోతే మందుల షాపులో అడిగితే ఇచ్చేవాళ్ళు. 2011లో అచ్చయిన ఒక పరిశీలనలో రియాద్ మందుల షాపుల్లో సుమారు నాలుగింట మూడు, చీటీ లేకుండానే యాంటీబయాటిక్ ఇచ్చాయి. 2018లో సౌదీ ప్రభుత్వం దాన్ని కట్టుదిట్టంగా ఆపింది. ఇతని సంగతి దానికి ముందే. నాలుగోసారి వాపు దవడ కిందికి, మెడకి పాకింది. ఉమ్ము మింగలేని స్థితిలో గదిలోవాళ్ళు ఎమర్జెన్సీకి మోసుకొచ్చారు. కోసి చీము తీసి, పన్ను పీకితే బతికాడు. దీన్ని 1836లోనే లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. ఊపిరి గొట్టం మూసుకుపోతే మనిషి దక్కడు.

కోలుకున్నాక చూడటానికి వెళితే నన్నొక ప్రశ్న అడిగాడు. "అన్నా, గోలీ ఏసుకున్న ప్రతిసారి తగ్గింది గదా, మరి గిట్లెందుకయింది?"

గోలీ రక్తంలో కలిసి ప్రయాణం చేస్తుంది. గుజ్జు చచ్చిన పంటిలో రక్తమే పారదు. మందు వేరు కొస బయటిదాకా వెళ్ళి అక్కడికి వచ్చినవాటిని చంపుతుంది, వాపు దిగుతుంది. లోపలున్న అసలు కాపురం చెక్కుచెదరదు. గోలీలు ఆపగానే మళ్ళీ బయటికి వస్తుంది. అతనికి ఇదే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఇంటికి తాళమేసి గల్లీల వెతికినట్టు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. 2019లో అమెరికా డెంటల్ అసోసియేషన్ ఇచ్చిన సూచనల సారాంశం కూడా దాదాపు ఇంతే: జ్వరం, వాపు పాకడం లాంటివి లేని ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకి, పంటికి నేరుగా చికిత్స దొరికే చోట, యాంటీబయాటిక్ అక్కర్లేదు. వాపు పాకుతున్నా, మింగలేకపోతున్నా మటుకు గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

మిస్వాక్ పుల్లది కూడా ఇలాంటి సంగతే. తాయిఫ్ బజారులో, మసీదుల బయట కట్టలు కట్టలుగా అమ్ముతారు. మన వైపు వరగోగు అనే చెట్టే అది. వేపపుల్లతో పెరిగిన మనకి అది చూస్తే ప్రాణం లేచొస్తుంది. పంటి మీది పాచికి రెండూ మంచివే, పన్ను పిప్పి కాకుండా కాపాడతాయి. ఒకసారి లోపలికి చేరిన బేక్టీరియా జోలికి ఏ పుల్లా వెళ్ళలేదు.

లోపలికి వెళ్ళగలిగింది పళ్ళ డాక్టరు సూది, బ్లీచ్ నీళ్ళు. 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే ఆయన గడియారం స్ప్రింగుని అరగదీసి గుజ్జు తీసే సూది చేసుకున్నాడు. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ పంటి చుట్టూ రబ్బరు రేకు బిగించి ఉమ్ముని ఆపాడు. ఇప్పటికీ ఆ రేకు లేకుండా రూట్ కెనాల్ చేసే చోట్లున్నాయి, చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నోట్లో క్రిములు కడిగిన నాళంలోకి మళ్ళీ జారకుండా ఉండటానికేగా అది! బట్టలకి వాడే బ్లీచ్‌లోని సోడియం హైపోక్లోరైటునే మొదటి ప్రపంచ యుద్ధంలో హెన్రీ డేకిన్ సైనికుల గాయాలు కడగడానికి పలచన చేసి వాడాడు. తరవాత పళ్ళ డాక్టర్లు అందుకున్నారు. సూది ఒక్కటీ చాలదు. నాళం తిన్నటి గొట్టం కాదు, పక్క కొమ్మలు, వంకలు ఉన్న వేరు. సూది ఎంత తిప్పినా గోడలో మూడో వంతు దాకా తాకనే తాకదని ఎక్స్‌రే స్కానులతో తేలింది. తాకని చోటికి వెళ్ళి క్రిముల్ని, చచ్చిన గుజ్జుని కరిగించేవి ఆ నీళ్ళే.

అన్నీ చేసినా కొన్ని పళ్ళు ఏళ్ళ తరవాత తిరగబెడతాయి. 1998లో స్వీడన్‌లో అలాంటి పళ్ళు తెరిచి చూస్తే ఎక్కువగా దొరికింది ఎంటెరోకాకస్ ఫీకాలిస్. మన పేగుల్లో ఉండే జాతి. ఆకలికి ఓర్చుకుంటుంది, నాళంలో పెట్టే సున్నం మందుకి కూడా తట్టుకుంటుంది. చాలాకాలం తప్పంతా దాని మీదే వేశారు. తీరా డిఎన్ఏ పరీక్షలు వచ్చాక, అది లేని చోట కూడా పళ్ళు తిరగబెడుతున్నాయని, ఉన్న చోట పక్కన ఇంకా చాలా జాతులున్నాయని తెలిసింది.

ఆ డిఎన్ఏ పరీక్షలే ఇంకొకటి కూడా చెప్పాయి. పంటి వేరులో కనబడే జాతుల్లో సుమారు సగాన్ని లాబ్‌లో పెంచడం ఇంకా ఎవరి వల్లా కాలేదు. మిల్లర్ 1907లో పోయాడు. ఆయన గాజు పలక మీద చూసినవాటిలో కొన్ని ఈ సగంలోనే ఉండి ఉంటాయి. వాటిలో చాలావాటికి పేర్లు కూడా లేవు, జాబితాలో నంబర్లు ఇచ్చారంతే.